మాస్టారు బతికొచ్చిన అధ్యాయం

అధ్యాయం 216

బతికే ఉన్నాడు! తొకుజి మాస్టారు బతికే ఉన్నాడే, మాలినీ!

నాచు తొట్లు కడుగుతూ, చేతి తొడుగులు కూడా తీయకుండా చదివేశాను. చదివే పలక తెర మీద నుంచి ఇంకా ఆకుపచ్చ నీళ్ళు కారుతున్నాయి. ఆఖరి పేజీ మొత్తం ఒకటే బొమ్మ. సముద్రపు ఒడ్డున రాళ్ళ సందులోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. వేళ్ళ నిండా గాలిపటం దారం కోసిన మచ్చలు. ఆ చెయ్యి ఎవరిదో 'గాలిపటాల కోట' చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తుఫాను రాక్షసుల బారి నుంచి మియోరిని తప్పించడానికి ఆయన తన దారం తనే కోసుకుని సముద్రంలో పడిపోయిన 211వ అధ్యాయం చదివి నేను తిండి మానేసిన సంగతి నీకు రాశాను. ఇలా చంపేయడం అన్యాయం, ఆయన తిరిగి రావాలి, కనీసం ఒక్కసారైనా ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలి అని కూడా రాశాను. నా మొర ఆ గీసేవాడికి వినబడినట్టుంది.

నా కేక విని పక్క తొట్టి ఆవిడ గాలి గొట్టం పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చింది. మంచుపేటలో ఎవరు గట్టిగా అరిచినా అందరికీ ముందు తోచేది అదే. మంచు పైకప్పు దాటితే పీల్చడానికి ఏమీ లేదు మరి. బొమ్మల కథ కోసం అరిచానని చెబితే ఆవిడ నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

ఒక్కటే వింతగా ఉంది. గుర్రాలు బాగున్నాయి. బొమ్మలు గీసేవాడికి గుర్రాలు గీయడం రాదని మనం ఎన్నిసార్లు నవ్వుకోలేదు? కాకినాడలో ఒకే పుస్తకాన్ని చెరో అంచూ పట్టుకుని చదివిన రోజుల నుంచీ నువ్వు వాటిని మేకలనే అన్నావు. ఈసారి అశ్వదళం కొండ దిగుతుంటే ఒక్కో గుర్రానికీ కండలు, మూతి దగ్గర నురగ, ఎగిరే జూలు. కొత్త సహాయకుణ్ణి పెట్టుకున్నాడేమో. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మన మేకలు కనబడకపోతే పొరపాటున ఎవరింట్లోకో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

వారం వారం భూమి నుంచి వచ్చే కబుర్ల మూటలో నీ కబురు కూడా అందింది. తొమ్మిదో నెల వచ్చిందని, బిడ్డ బాగా తిరుగుతోందని, డాక్టరు భయం లేదన్నారని. పోయినసారి జరిగింది తలుచుకుని బెంగపడకు. నీ వంతు కూడా నేనే ఇక్కడ భయపడుతున్నాను.

యానిమే, 58వ ఎపిసోడ్

మాలినీ, ఇది చూశావా? చూస్తే వెంటనే కబురు పెట్టు. నాకు ఏదోలా ఉంది.

మియోరి చల్లారిపోయిన అన్నం ఒక్కతే కూర్చుని తినే ఘట్టం గుర్తుందా? మాంగాలో, అచ్చు బొమ్మల కథలో, ఒక్క మాట కూడా లేకుండా మూడు పేజీలు ఉంటుంది. దాన్ని కదిలే బొమ్మలుగా తీస్తున్న యానిమే ఇప్పుడు అక్కడికి వచ్చింది. దాని కోసం ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నాను. మధ్యాహ్నం విరామంలో నా గది తలుపు వేసుకుని పెట్టుకున్నాను.

ఎపిసోడ్‌లో మియోరి ఒక్కతే లేదు. తొకుజి మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు. అసలు ఆ సమయానికి ఆయన ఊళ్ళోనే ఉండడు, వంతెన కాపలాకి వెళ్ళి ఉంటాడు. అయినా వచ్చాడు. గిన్నె తీసుకుని పొయ్యి మీద వేడి చేసి, ఆ పిల్ల చేతిలో పెట్టి ఏదో అన్నాడు. కింద తెలుగు అక్షరాలు పడ్డాయి. "చల్లారిన మెతుకు గొంతుకి అడ్డం పడుద్దే, నా పిచ్చి తల్లీ."

అది మన అమ్మమ్మ మాట.

ఇదే ఘట్టం గురించి ఎప్పుడో నీకు రాస్తూ, అమ్మమ్మ ఉంటే ఇలా అని ఉండేది అని నేనే రాశాను. అక్షరం పొల్లు పోకుండా అదే మాట.

తెలుగు రాసిన వాళ్ళకి కూడా అలాంటి అమ్మమ్మ ఉండి ఉంటుంది. ఎందుకుండకూడదు? గోదావరి జిల్లాల్లో అలా మాట్లాడే ముసలమ్మలు వేలమంది. అలాగే అనుకుంటున్నాను. రెండోసారి మాత్రం పెట్టుకోలేదు. పలకని బోర్లా పెట్టేసి తొట్ల దగ్గరికి వెళ్ళిపోయాను. పని చేస్తున్నంతసేపూ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది.

అధ్యాయం 218

మాంగా సంగతి తర్వాత. పాప పుట్టింది!

నీ కబురు నాచు గదిలో అందరికీ వినిపించాను. సుఖప్రసవమని, పాపకి నా ముక్కే వచ్చిందని నువ్వు చెబుతుంటే అందరూ నా ముక్కు వంక చూసి నవ్వారు. క్యాంటీనులో కేసరి చేశారు. నెయ్యి ఎక్కడిది, నాచు నూనెతోనే. అయినా గిన్నె నాకేశారు.

ఈ అధ్యాయంలో మాస్టారు మియోరిని దగ్గరికి తీసుకున్నాడు. నాలుగు పేజీల పాటు. నేను వెక్కివెక్కి ఏడవాలి. ఏడుపు రాలేదు.

ఒకటి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను, కోప్పడకు. నువ్వు ఏడవలేదేంటే? వీధి చివర బజ్జీల బండి ఎత్తేశారని ఏడ్చినదానివి నువ్వు. నాకు ఇక్కడ ఉద్యోగం ఖాయమైనప్పుడు సంతోషంతో ఒకసారి, దిగులుతో ఒకసారి ఏడ్చావు. అలాంటిది పాప పుట్టిన కబురు నవ్వుతూ మొదలుపెట్టి నవ్వుతూనే ముగించావు. మీ ఆయన మీద ఒక్క చాడీ చెప్పలేదు. పోయిన బిడ్డ ఊసెత్తలేదు. నేను ఏయే మాటలు వినాలని కోరుకున్నానో అవే మాటలు, వరసగా.

బిడ్డ పుడితే మనిషి మారతారంటారు. సంతోషంగా ఉన్నావు, అంతే. ఈ మంచు కింద ఉండి ఉండి నాకే అనుమానపు బుద్ధి పట్టుకుంది.

అధ్యాయం 220

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంచుపేట మొత్తానికి 'గాలిపటాల కోట' చదివేది ఇద్దరమే. ఒకరు నేను, రెండోది మెహర్. పూర్తిపేరు మెహరున్నీసా, నంద్యాల పిల్ల, వెల్డరు. దూరంగా మంచులోకి బావి తవ్వుతున్న డ్రిల్లు శిబిరానికి వెళ్ళి రెండు నెలల పైన అక్కడే ఉండిపోయింది. ఈ రోజు మంచుబండి దిగింది. దిగీ దిగగానే పట్టుకున్నాను.

"మెహర్! మాస్టారు!" అన్నాను, ఇంకేం చెప్పక్కర్లేదన్నట్టు.

బూట్లకి అంటిన మంచు దులుపుకుంటూ తలాడించింది. "ఏం జేస్తాంలే. సచ్చిపోయినాక గానీ ఆయప్ప గొప్పతనం తెలిసిరాల్యా."

"చచ్చిపోవడం ఏంటే? తిరిగొచ్చేశాడుగా."

"ఎవురు?"

"తొకుజి మాస్టారే. 216లో చెయ్యి కనబడింది, తర్వాత మొహం కనబడింది, 218లో మియోరిని దగ్గరికి తీసుకున్నాడు."

మెహర్ బూటు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఏమ్మే, నీకేమన్నా పిచ్చి పట్టిందా? 216లో మియోరి కోటకి అగ్గి పెట్టింది గదా. ఆయప్ప శవం గూడా దొరకల్యా."

ఆట పట్టిస్తోందనుకుని నవ్వాను. తను కూడా నేను ఆట పట్టిస్తున్నాననే అనుకుంది. ఇద్దరం నవ్వుకుంటూనే క్యాంటీనుకి వెళ్ళి రెండు పలకలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం.

211 తెరిచాం. గడి గడికీ ఒకటే. మాస్టారు పడిపోతున్న బొమ్మ, తెగిన దారం, ఖాళీ ఆకాశం. అన్నీ ఒకటే.

212 తెరిచాం. మొదటి పేజీలో మబ్బులు వేరు. నా పలకలో మియోరి ఎడమ వైపు చూస్తోంది, తన పలకలో నేల వైపు చూస్తోంది. పేజీలు తిప్పుతున్న కొద్దీ రెండు కథలూ విడిపోయాయి. 216కి వచ్చేసరికి నాది సముద్రపు ఒడ్డు, తనది మండుతున్న కోట. రెండూ ఆయన గీతే. అక్షరాలు పెట్టే తీరు, వాన గీసే తీరు, అన్నీ ఆయనవే. రెండింట్లోనూ గుర్రాలు బ్రహ్మాండంగా ఉన్నాయి.

మాకు నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు.

"ఆ కోట తగలబడాలని నేను మొదటి నుంచి అంటా ఉండా," అంది మెహర్ మెల్లగా. "మా అన్నకి రాసిన ప్రతి కబురులోనూ రాసినా. నాకు కోట తగలబడింది. నీకు మాస్టరు బతికినాడు." ఆగి, చుట్టూ చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "మనకి ఎవురు గీస్తా ఉండారే?"

నేను ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు. నాకు పాప ముక్కు గుర్తొచ్చింది, ఆ కబురు వచ్చింది కూడా ఈ మూటల్లోనే.

సమాచార గదిలో

మంచుపేటకి, భూమికి మధ్య సంకేతాలు చూసుకునేది సమ్మయ్యన్న. హనుమకొండ మనిషి. మేం వెళ్ళేసరికి టీ కాచుకుంటున్నాడు.

"ఏంది చెల్లె, బొమ్మల కథ కోసం ఇద్దరు కలిసి నా మీదికి దండెత్తిన్రా?" అని నవ్వాడు. పలకలు రెండూ చేతికిచ్చాం. చూస్తూ చూస్తూ నవ్వు ఆపాడు. టీ పొంగిపోతున్నా తిరిగి చూడలేదు. మెహరే వెళ్ళి పొయ్యి ఆపింది.

"గిది అతుకుడు ప్రోగ్రాం పని," అన్నాడు చివరికి. "గింత దూరంకెల్లి వచ్చేటప్పుడు సంకేతానికి తొవ్వల చిల్లులు పడ్తయి. ఒక అక్షరం పోతది, బొమ్మల ఒక గీత పోతది. ప్రోగ్రాం చుట్టుపక్కల సూసి ఆ చిల్లు పూడుస్తది. ఎవలి డబ్బాలకొచ్చేదాన్ని వాళ్ల పాత కబుర్లు సూసుకుంట అతుకుతది. గంతే. సిన్న సిన్న చిల్లులు."

"పెద్ద చిల్లు పడితే?" అని అడిగాను.

"పెద్దగనే పూడుస్తది."

"మొత్తం చిల్లే అయితే, అన్నా?"

గోడ మీద ఒక పచ్చ దీపం ఉంటుంది, మూట లోటు లేకుండా అందింది అనడానికి గుర్తు. సమ్మయ్యన్న దానివైపు వేలు చూపించాడు. "పచ్చగనే ఉన్నది సూడుండ్రి. ఎన్నడు ఎర్రగ కాలే," అన్నాడు. అతుకుడు ప్రోగ్రాం తన పని తను ముగించి, అంతా నిండుగా ఉందని దీపానికి చెబుతోంది. దీపం చెప్పింది ఈయన నమ్ముతున్నాడు. ఈయన చెప్పింది మేమంతా నమ్ముతున్నాం.

అతుకుడు ఆపేసి, ఈ వారం మూట అతుకు పడకముందు ఎలా వచ్చిందో తెర మీద తెరిచాడు.

ఏమీ లేదు. బూడిద రంగు చుక్కలు, ఇసుక చల్లినట్టు. అంతకుముందు వారం మూట తెరిచాడు. ఇసుకే. దాని ముందుది, ఇంకా ముందుది, ఇసుక. డ్రిల్లు శిబిరం వైపు మంచు కుంగి, క్యాంటీనులో కప్పులన్నీ కిందపడిన రోజు దాకా వెనక్కి వెళ్ళాడు. అక్కడ మాత్రం నిజమైన మూట దొరికింది. అందులో 'గాలిపటాల కోట' 211వ అధ్యాయం ఉంది. మాస్టారు చనిపోయిన అధ్యాయం. మాకు భూమి నుంచి వచ్చిన ఆఖరి నిజం అదే.

"మరి భూమి కేంద్రంతో నువ్వు రోజూ మాట్లాడుతున్నావు కదన్నా?"

"మాట్లాడుతున్న," అన్నాడు సమ్మయ్యన్న. "నిన్న సుత మాట్లాడిన. సరుకు ఓడ యాళ్లకే వస్తదన్నరు. నా బిడ్డకు జరమెట్లున్నదని అడిగితే తగ్గిందన్నరు."

భుజం మీది తువాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అధ్యాయం 221

ఇది మాలినికి పంపేది కాదు. ఇన్నాళ్ళూ పంపినవి కూడా తనకి చేరలేదని ఇప్పుడు తెలిసింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలిపోయేలా ఉంది కాబట్టి రాస్తున్నాను.

మంచుపేట పెద్ద ఎస్తేరు మేడం మేం చెప్పింది మొత్తం నిలబడే విన్నారు. విన్న తర్వాత కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకున్నారు.

"ఓడ వస్తుందనే ధైర్యంతో గాలి వడపోత గుడ్డలు ఎడాపెడా మార్పించేశానమ్మా," అన్నారు. "కొత్త హాలు కూడా తెరిపించాను." కాసేపు పెదవులు కదిలాయి, ప్రార్థన చేసుకున్నట్టున్నారు. "భూమి వైపు తిప్పి పెట్టిన మన డిష్ చెవుడెక్కిందా, అటువైపు పలికేవాళ్ళే లేరా? అది తేలకుండా ఈ మాట బయట పెడితే జనం ఏమైపోతారో నాకు తెలీదు. డిష్ చూసొచ్చేదాకా నోరు కట్టుకోండి. తర్వాత నేనే చెబుతాను, ఏదీ దాచను."

మేం సరేనన్నాం. ఆ తర్వాత క్యాంటీనులో కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఎంత భయంకరమో నాకు అంతకుముందు తెలియదు.

ఎప్పటిలాగే గంట మోగింది. భూమి మూట వచ్చిందని. అందరూ గరిటెలు, కంచాలు వదిలేసి పలకలు తీశారు. పలకల్లోంచి తల్లులు, మొగుళ్ళు, పిల్లలు, స్నేహితులు మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి కబురులోనూ రోగం లేదు, తగువు లేదు. హాలంతా నవ్వులే. ఎదుటి బల్ల దగ్గర కరెంటు పని చేసే గురవయ్య గారు నన్ను పిలిచి మరీ తన కూతురి నాట్యం చూపించారు.

"ఎంత బాగా చేస్తోందో చూడమ్మా. పోయినేడు అడుగులు తడబడేవి. ఇప్పుడు ఒక్క అడుగు తప్పలేదు."

"చాలా బాగా చేస్తోందండీ," అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు తెరలోంచి సూటిగా తండ్రినే చూస్తున్నాయి. ఒక్క అడుగు కూడా తప్పలేదు, నిజమే.

నా పలకలో మాలిని ఉంది. ముట్టుకోకూడదనుకున్నాను. ముట్టుకున్నాను.

"అక్కోయ్," అంది. అదే గొంతు. మెడ మీద చిన్నప్పటి కాలిన మచ్చ కూడా ఉంది. చేతిలో పాప. "నువ్వెందుకో దిగులుగా ఉన్నట్టున్నావే. నేను ఏడవలేదని అడిగావుగా, చూడు, ఇప్పుడు ఏడుస్తున్నాను." కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. రెండు కళ్ళలోంచీ ఒకేసారి, ఒకేలా. "నువ్వేం భయపడకు. ఇక్కడంతా బాగుంది."

పలక కింద పడేశాను. పక్కవాళ్ళు తీసి ఇచ్చారు. చుట్టూ ఇంతమంది ఉండగా, ఇంత వెలుతురులో అంత భయం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అది నేను అడిగిందల్లా ఇస్తుంది. ఇంకొంచెం బాగా ఏడవమంటే వచ్చేవారం బాగా ఏడుస్తుంది. అసలు మాలిని ఈపాటికి ఎక్కడుంది? ఉందా? పోయినసారిలాగే అయితే? ఆ బిడ్డ, ఆ బిడ్డతోపాటు ఆ తల్లి...

221వ అధ్యాయం కూడా వచ్చింది. తెరవలేదు.

బయట

బయటికి వెళ్తే ఇద్దరు వెళ్ళాలన్నది ఇక్కడి నియమం. వెల్డింగు తెలిసింది మెహర్. రెండో మనిషి ఇంకెవరైనా అయితే వాళ్ళకి సంగతంతా చెప్పాలి. అందుకని నేను. శిక్షణలో తప్ప ఎప్పుడూ పైకప్పు దాటినదాన్ని కాదు. మెహర్ నా హెల్మెట్ బిగిస్తూ, "కిందికి సూడొద్దు, పైకి సూడొద్దు, నన్ను సూడు," అంది.

పైకి చూశాను. మా మంచుపేట ఉన్న ఈ చందమామ పైన, ఆకాశంలో గురుగ్రహం చారలు చారలుగా వేలాడుతోంది. సూర్యుడు చిన్న దీపమంత. భూమి ఆ వెలుగులో ఎక్కడో ఉంటుంది, కంటికి ఆనదు.

డిష్ గుట్ట మీద ఉంది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గరికి వెళితే తెలిసింది, మూడు కాళ్ళలో ఒకటి మంచు పగులులోకి దిగబడిపోయింది. డిష్ పక్కకి ఒరిగి, ఏ నక్షత్రమూ లేని చీకటివైపు తిరిగి ఉంది. దాన్ని తిప్పే మోటారుకి డిష్ కాలు దిగబడిన సంగతి తెలియదు. తను సరిగ్గానే చూస్తున్నానని లెక్కలు పంపిస్తూనే ఉంది.

మెహర్ జాకీ పెట్టి కాలు లేపింది. నేను ఇనుప పలక కిందికి తోశాను. తోస్తుండగా పగులు కదిలింది. చప్పుడేమీ లేదు, గాలి లేదు కదా, బూట్లలోంచి పాదాలకి తెలిసింది. నా కుడి కాలు మోకాలి దాకా దిగిపోయింది. మెహర్ నా నడుము పట్టీ పట్టి వెనక్కి లాగి, ఇద్దరం మంచు మీద వెల్లకిలా పడ్డాం. ఆమె ఊపిరి నా చెవిలో వినబడుతోంది, కుక్కపిల్ల రొప్పినట్టు. నాకన్నా ఎక్కువ భయపడింది తనే.

"మెహర్, ఇంతా చేశాక కూడా ఏమీ రాకపోతే?"

"మా అన్న తాగుడు మానేసినాడని కబురు వచ్చిందే నాకు," అంది. "పదేండ్ల నుంచి మానమని అడుగుతా ఉండా. మానేసినా చెల్లీ అని ఒట్టు గూడా పెట్టినాడు." లేచి వెల్డింగు కడ్డీ అందుకుంది. "మానింటాడంటావా?"

నేను ఇనుప పలకని కదలకుండా పట్టుకున్నాను. నిప్పురవ్వలు లేచి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మంచు మీద పడ్డాయి.

కాలు గట్టిపడ్డాక సమ్మయ్యన్న గొంతు హెల్మెట్లో వినబడింది. "అతుకుడు బందువెట్టిన. ఇగ వచ్చేది వచ్చినట్టే వస్తది. డిష్ తిప్పుతున్న."

ఇసుక రాలుతున్న చప్పుడు. డిష్ జరిగింది. ఇసుక. ఇంకాస్త జరిగింది. ఇసుక. నేను మెహర్ చేతిని తొడుగు మీద నుంచే పట్టుకున్నాను. అవతల ఎవరూ లేరేమో. కాకినాడ లేదేమో, నంద్యాల లేదేమో, బొమ్మలు గీసేవాడు లేడేమో. ఇన్నాళ్ళూ మేం మాట్లాడుకున్నది మాతోనేనేమో.

"మాటలు," అన్నాడు సమ్మయ్యన్న. "మాటలమ్మా! మనుషుల మాటలు!"

దాన్ని మా హెల్మెట్లలోకి వదిలాడు. ఎవరో ఆడమనిషి. బాగా అలిసిపోయిన గొంతు. ఎన్నిసార్లు చదివిందో, ఇంక అర్థంతో పని లేనట్టు చదువుతోంది. "...పేట, మంచుపేట... వినబడితే ఏ రూపంలో... ఒక్క సంకేతం... మంచుపే..." మధ్యలో దగ్గింది. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టింది.

మెహర్ మంచు మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. హెల్మెట్ లోపల ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడానికి కుదరదు. ఇద్దరికీ దారి సరిగ్గా కనబడక ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని లోపలికి వచ్చాం.

అధ్యాయం 212

ఎస్తేరు మేడం మాట నిలబెట్టుకున్నారు. క్యాంటీనులో బల్ల మీదికి ఎక్కి ఉన్నదున్నట్టు చెప్పారు. కొంతమంది అరిచారు. ఒకాయన సమ్మయ్యన్న మీదికి చెయ్యెత్తితే మెహర్ అడ్డం నిలబడింది. గురవయ్య గారు మాత్రం పలకని రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుని బయటికి వెళ్ళిపోయారు.

మా మాట రెండు నెలలుగా వినబడక భూమి మీద మేం పోయామనే అనుకున్నారు. సరుకు ఓడని గురుడి ఇంకో చందమామ గానిమీడ్ మీది స్థావరానికి మళ్ళించేశారు. ఇప్పుడు మళ్ళీ ఇటు తిప్పుతారట, కానీ చాలా ఆలస్యమవుతుంది. ఆ లోపు వడపోత గుడ్డలు ఉతికి మళ్ళీ వాడాలి. కొత్త హాలు మూసేశారు. అందరం ఒకే హాల్లో పడుకుంటున్నాం. గాలి అప్పుడే బరువుగా ఉంది. ఓడ వచ్చేదాకా సరిపోతుందో లేదో ఎవరూ ఖాయంగా చెప్పడం లేదు. మా నాచు తొట్లు ఎంత ఆక్సిజన్ ఇస్తే అంత. అందుకని రెండు పూటలూ కడుగుతున్నాను.

మాంగా సంగతి కూడా తెలిసింది. 212వ అధ్యాయం అసలు లేదు. 211 అచ్చయిన వారమే గీసే చేతికి జబ్బు చేసి ఆయన కథ ఆపేశాడు. ఒక పేజీ ప్రకటన, కింద ఆయనే వంకరటింకరగా గీసిన ఒక గుర్రం. నేనూ మెహర్ దాన్ని చూసి మేక మేక అని పిచ్చివాళ్ళలా నవ్వాం. మాస్టారు సముద్రంలోనే ఉన్నాడు. ఆ తర్వాత ఏమవుతుందో గీసేవాడికి కూడా తెలియదు.

ఇంటి కబుర్లు వరస ప్రకారం ఒక్కొక్కరికీ వినిపించారు. నా వంతు వచ్చినప్పుడు మెహర్ రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది.

తెర మీద మాలిని మొహం సగమే వచ్చింది. రెండో సగం చుక్కలు. మొదటి క్షణం నుంచీ ఏడుస్తూనే ఉంది, ముక్కు చీదుతూ, అసహ్యంగా, మా మాలిని ఏడ్చినట్టే.

"అక్కా... నువ్వు లేవని వాళ్ళు... నేను నమ్మనే... నెల తక్కువలో... బాబు... అద్దాల పెట్టెలో పెట్టారు, చూడనివ్వ... ఈయన సంతకం పెట్టడానికి కూడా టైముకి రా... చంపేద్దామనిపిం... ఇప్పుడు పాలు తాగుతున్నా... అక్కా, వాడి పేరు..." ఇసుక. "...అని పెట్టాం. నీకు నచ్చుతుం..." ఇసుక.

పాప కాదు, బాబు. ఉన్నాడు. ఇద్దరూ ఉన్నారు. ఆ కబురు పంపిన రోజుకి ఉన్నారు.

"పేరు కాడ చిల్లు పడ్డది చెల్లె. అతుకు..." అని సమ్మయ్యన్న అలవాటు కొద్దీ మీట మీద చెయ్యి వేసి, పాము మీద వేసినట్టు వెనక్కి లాక్కున్నాడు.

మైకు నా ముందుకి జరిపాడు.

"మాలినీ, నేను చావలేదే. అందరం ఉన్నాం. బాబు పేరు నాకు వినబడలేదు. మళ్ళీ చెప్పు. వాడిని ఎత్తుకుని దగ్గరగా వచ్చి, ఒకటికి పదిసార్లు చెప్పు." ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. వెనక వరసలో మనుషులు నిలబడి ఉన్నారని మైకు వదిలేశాను.

నా మాట అక్కడికి చేరి, తన మాట ఇక్కడికి రావడానికి గంటన్నర దాకా పడుతుంది. తను ఫోను దగ్గర ఉంటే. వాడు బాగుంటే. సమాచార గది బయట గోడకి ఆనుకుని కూర్చున్నాను. పక్కన మెహర్, వాళ్ళ అన్న కబురు కోసం. ఇద్దరికీ ఊపిరి కొంచెం బరువుగా ఆడుతోంది. లోపల స్పీకరులో ఇసుక రాలుతూనే ఉంది. దానిలో ఎక్కడైనా మాట లేస్తుందేమోనని అందరూ నోళ్ళు మూసుకుని వింటున్నారు.